పెద్దోణ్ణి తిప్పే మనిషి

రెబెకా ఆంటీ కుక్క పేరు పెద్దోడు. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లో అదే అన్నిటికంటే లావుగా ఉండేదట, అందుకని ఆ పేరు. ఆంటీ పెళ్ళి చేసుకోలేదు. "మా పెద్దోడు ఇంకా తినలేదు, మళ్ళా మాట్లాడతా" అని ఆమె ఫోన్ పెట్టేస్తుంటే, కొత్తవాళ్ళు ఆమెకు ఇద్దరో ముగ్గురో కొడుకులున్నారనుకునేవారు. ఆమె దిద్దేది కాదు.

తిరుపతి కొర్లగుంటలో, రైలు పట్టాలకు దగ్గరగా ఉంటుంది ఆ ఇల్లు. ఎం.ఏ.లో చేరినప్పటి నుంచీ నేను మేడమీది గదిలో అద్దెకుంటున్నాను. ఆంటీ ఉద్యోగమంతా స్టేషన్లో విచారణ కౌంటరులోనే గడిచింది. కాట్పాడి బండి ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుంది, పాకాలలో ఎంతసేపు ఆగుతుంది, రేణిగుంటలో మారాలా అక్కర్లేదా, ఇవన్నీ అడిగినవాళ్ళకు అడిగిన భాషలో చెప్పేది. రిటైరయ్యాక ఆమెను ఎవరూ ఏమీ అడగడం లేదు. ఆ సంగతి ఆమె నాతో అనలేదు, నేనే గమనించాను. నీళ్ళ మోటారు ఆపడానికి నేను కిందికి దిగితే రెండు మాటలకు నిలబెట్టేది. నాకు ఆ రెండో మాట దొరికేది కాదు. "సరే, పోయి సదువుకోపో" అనేది నవ్వుతూ.

రోజూ సాయంత్రం తనే పెద్దోణ్ణి తాడు పట్టుకుని తిప్పేది. పోయిన వానాకాలంలో ఒకనాడు సందు మలుపులో పందిని చూసి కుక్క ఒక్క ఊపున లాగింది. ఆంటీ రోడ్డు మీద పడింది. తుంటి ఎముక విరిగి, లోపల రాడ్డు వేశారు. ఇంట్లోనైతే స్టాండు పట్టుకుని నడవొచ్చు గానీ, కుక్క తాడు మాత్రం ఇక ముట్టుకోకూడదన్నాడు డాక్టరు.

ఇంటి ముందంతా సిమెంటు చేసిన జాగా. పెద్దోడు ప్రాణం పోయినా గేటు లోపల కాలెత్తదు. ఆపుకుని, ఆపుకుని, సాయంత్రానికి గేటు గీకుతూ ఏడ్చేది. నేనొకసారి తాడు పట్టుకుని చూశాను. సందు చివరికి వెళ్ళేసరికి ఎవరు ఎవరిని తిప్పుతున్నారో తెలియలేదు. చెప్పులు ఒక చోట, నేనొక చోట.

ఆంటీని చూసుకోవడానికి ఏర్పేడు దగ్గరి పల్లె నుంచి చెల్లెలు సంతోషమ్మ వచ్చి ఉంది. ఆమెకు ఈ గోల నచ్చలేదు.

"అక్కా, దీన్ని మా సేని కాడికి తోలేయ్. బోరు కాడ పడుంటాది. ఇంత సంగటి ముద్ద పడేస్తాం."

"యాడనో పడుండేదానికా నేను పెంచింది?"

"మనుసులకే దిక్కు ల్యా, కుక్కకు ఆయాను పెడతావా? నలుగురు ఇంటే నగుతారు."

"నగనీలే. వాళ్ళిండ్లల్లోనే గదా నగేది. నా యింటికొచ్చి నగేవాళ్ళెవురుండారు?"

సంతోషమ్మ తన మాట తను చెప్పేసింది. నెలాఖరుకు తన కొడుకు బండి తీసుకొస్తాడు, ఆలోపల నమ్మకమైన మనిషి దొరక్కపోతే ఆ బండిలో తనతోపాటు కుక్క కూడా పోతుంది. ఆంటీ ఒప్పుకోక తప్పలేదు. రాత్రంతా ఏడ్చే కుక్కను గేటు లోపల కట్టి ఉంచడం ఆమెకూ కష్టంగానే ఉంది. కానీ పెద్దోడు పోతే కింది ఇంట్లో ఆమె కాక ఊపిరి తీసుకునే ప్రాణి ఇంకొకటి ఉండదు.

కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టమని నాకు చెప్పి రాయించింది. "సాయంకాలం కుక్కను తిప్పుటకు నెమ్మదస్థుడైన మనిషి కావలెను." స్టేషన్లో మైకు ముందు చెప్పినట్టే చెప్పింది.

మొదట మునికృష్ణ అనే అతను వచ్చాడు. స్కూటీ మీద కూర్చునే ఉన్నాడు, బండికి రెండు కుక్కలు కట్టి ఉన్నాయి.

"బండి దిగవా నాయనా?" అంది ఆంటీ.

"దిగేదెందుకు మేడం? నేను నిదానంగా పోతాంటా, అయ్యే పరిగెత్తుతాయి. మంచి ఎక్సర్‌సైజు."

"నీకా, వాటికా?"

అతను బండి దిగకుండానే వెళ్ళిపోయాడు.

తర్వాత భానుచందర్. డిగ్రీ చివరి సంవత్సరం. జేబునిండా బిస్కెట్లు. వస్తూనే సిమెంటు నేల మీద కూలబడ్డాడు. పెద్దోడు వాసన చూసి, వెల్లకిలా పడి పొట్ట చూపించింది. కుర్రాడు దాన్ని ఒళ్ళోకి లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టాడు. పరీక్షకని ఒకసారి తిప్పుకు రమ్మంటే, తోక పైకెత్తి గంతులేస్తూ తిరిగొచ్చింది. ఇక వెతకక్కర్లేదని నేననుకున్నాను.

"వద్దు," అంది ఆంటీ, అతను వెళ్ళాక.

"ఏమైంది ఆంటీ?"

"గెడ్డం గీసుకోల్యా."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"ఏందక్కా నువ్వు!" అంది సంతోషమ్మ. "ఒక్క దినానికే ఆ పిలగాని మింద పానం పెట్టుకోనుండాది గదా కుక్క!"

"అందుకే వద్దంటాండా."

మూడో మనిషి నిస్సార్. పరుపులు కుట్టే పని. కంపెనీ పరుపులు వచ్చాక దూది పరుపు అడిగేవాళ్ళు తగ్గిపోయి, దొరికిన పనల్లా చేస్తున్నాడు. గేటు బయటే నిలబడ్డాడు. పెద్దోడు ఊచల సందులోంచి మూతి పెడితే ఒకడుగు వెనక్కి వేశాడు.

"బయమా?" అడిగింది ఆంటీ.

"బయం గాదమ్మా. పొద్దు గూకినాక మగ్రిబ్ నమాజుకు పోవల్ల. దీని తడి మూతి గుడ్డలకు తగిల్తే మళ్ళా కడుక్కోవల్ల. దీనికని వేరే గుడ్డలు తెచ్చుకుంటా. మీకు ఇబ్బంది లేదంటే ఈ కొళాయి కాడ కాళ్ళుసేతులు కడుక్కోని, మార్చుకోని పోతా."

"కొట్టే అలవాటుందా?"

"ముట్టుకోనే ముట్టుకోనంటే, కొట్టేదెట్టమ్మా?"

ఆంటీ నవ్వింది. ఆపరేషనయ్యాక ఆమె నవ్వు వినడం అదే మొదలు.

"తినేదానికేమన్నా పెడతావా?"

"పెట్టమంటే పెడతా. వద్దంటే పెట్టను."

"పెట్టొద్దు. రేపట్నుంచి రా."

అతను వెళ్ళాక సంతోషమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "ముద్దు పెట్టినోన్ని తరిమేసి, ముట్టుకోనోన్ని పెట్టుకుంటివి. నీ యవ్వారం ఏసు ప్రబువుకే తెలియల్ల."

"తిప్పేదానికే మనిషి కావల్ల. పెంచేదానికి నేనుండా."

ఆంటీకి కావలసిన నమ్మకం అదీ. తాడు గట్టిగా పట్టుకోవాలి, కుక్క మనసు మాత్రం పట్టుకోకూడదు. నెలాఖరుకు సంతోషమ్మ ఒక్కతే బండెక్కింది.

నిస్సార్ వచ్చి, గోడ పక్కన పాత ప్యాంటు చొక్కా వేసుకుని, తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకుని బయల్దేరేవాడు. కుక్క ముందు, తాడంత దూరంలో అతను. తిరిగొచ్చేసరికి ఆంటీ ఇనుప గ్రిల్లు వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉండేది.

"ఈ పొద్దు యాడికి పోయినారు?"

"పట్టాల పక్కనే రైలుగేటు దాకా పోయినామమ్మా. సెరుకురసం బండాయప్ప పెద్దోన్ని సూసి, 'రెబెకామ్మ ఎట్లుండాది' అని అడిగినాడు."

"నువ్వేం సెప్పినావు?"

"నడస్తా ఉండాది అన్నా."

"అబద్దం."

"ఇంట్లో నడస్తా ఉండారు గదమ్మా. ఇంట్లోనా, బయటనా అని ఆయప్ప అడగల్యా."

"సరేలే. ఆ మలుపులో టైలరంగడి తీసేసినారంట, నిజమేనా?"

"అవునమ్మా. ఇప్పుడు సెల్లుల షాపు."

"మరి టైలరు యాడికి పాయె?"

"రేపు కనుక్కోనొస్తా."

కనుక్కునేవాడు కూడా. కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ, భుజం మీంచి తల తిప్పి జవాబులు చెప్పేవాడు. ఏ ఇంటి మీద కొత్త అంతస్తు లేస్తోంది, ఎవరి పిల్ల పెళ్ళికి పందిరి వేస్తున్నారు, పెద్దోడు ఏ ఆటో మీద మొరిగింది. అప్పుడప్పుడు అతనూ అడిగేవాడు. అక్కకూతురు వేలూరు ఆస్పత్రికి పోవాలి, ఏ బండి ఎక్కాలి? అప్పుడు ఆంటీ గొంతు మారిపోయేది. బండ్లన్నీ వరసగా చెప్పి, ఏది ఎక్కకూడదో కూడా చెప్పేది. మసీదులో అజాన్ వినిపించగానే అతను సగం మాటలో వెళ్ళిపోయేవాడు.

ఎండలు ముదిరేసరికి పెద్దోడు మధ్యాహ్నం నుంచే గేటు దగ్గర పడుకోవడం మొదలుపెట్టింది. మొహం రోడ్డు వైపు, వీపు ఆంటీ వైపు. పిలిస్తే తోక కదిలేది, తల తిరిగేది కాదు. ఆమె గోడ పట్టుకుని నిలబడి కోడి కార్జం వేయించి పెట్టేది. అది తిని, మూతి నాక్కుని, మళ్ళీ గేటు దగ్గరికే పోయేది.

నిస్సార్ పాకాలలో చుట్టాల పెళ్ళికి వెళ్ళి రెండు రోజులు రాలేదు. ఆ రెండు సాయంత్రాలూ కుక్క గేటు వదల్లేదు. ఉతికిన బట్టల కోసం నేను కిందికి దిగినప్పుడు ఆంటీ దానితో మాట్లాడుతోంది. "నేనీడనే ఉండా గదరా. మూడు పూటలా పెట్టేది నేను గదరా." నేను చప్పుడు చేయకుండా మెట్లెక్కేశాను.

మూడో రోజు నిస్సార్ గేటు తీసీ తీయకముందే పెద్దోడు ఎగిరి అతని మీద కాళ్ళు వేసింది. పెళ్ళికి కుట్టించుకున్న తెల్ల చొక్కా మీద తడి మూతి రుద్దింది. అతను "అరెరే" అంటూ చొక్కా చూసుకున్నాడు. ఆ తర్వాత నవ్వి, వేళ్ళ వెనకవైపుతో దాని రెండు చెవుల మధ్య ఒకసారి నిమిరాడు.

"ఏమప్పా, రెండు దినాలకే ఇంత బెంగనా?"

నేను మేడ మీంచి చూశాను. ఆంటీ కుర్చీలోంచి చూసింది.

ఆ సాయంత్రం తిరిగొచ్చాక ఆమె ఏమీ అడగలేదు. అతనే మొదలుపెట్టాడు. "పాకాల స్టేషన్ అంతా మారిపోయిందమ్మా..."

"నిస్సార్ బాయ్, రేపట్నుంచి నువ్వు రావద్దులే."

అతను కొళాయి కట్టేశాడు. "తప్పేమన్నా జరిగిందా అమ్మా?"

"ఏం ల్యా. దగ్గర్లోనే పిలగాడొకడు దొరికినాడు."

"సరేమ్మా," అన్నాడు. బట్టల సంచి తీసుకుని బయటికి వెళ్ళాడు. అజాన్ ఇంకా వినిపించలేదు. ఎటు వెళ్ళాలో తోచనట్టు రోడ్డు మీద కాసేపు నిలబడి, అప్పుడు వెళ్ళాడు.

ఇంకెవరూ లేక, ఆంటీ నా చేత భానుచందర్‌కే ఫోన్ చేయించింది. పెద్దోడు నిస్సార్ కోసం అన్నం మానేస్తుందని నేను భయపడ్డాను. అలాంటిదేమీ జరగలేదు. మొదటి రోజు కుర్రాడి చేతులు వాసన చూసి, దూకుతూ బయటికి పోయింది. రెండో రోజు మధ్యాహ్నం నుంచే గేటు దగ్గర పడుకుంది. స్కూటరు చప్పుడు వినగానే, నిస్సార్ అడుగులకు ఎలా ఏడ్చేదో అలాగే సంతోషంతో ఏడ్చింది. దానికి కావలసింది నిస్సార్ కాదు, రోడ్డు. ఆంటీ ఆ ఏడుపు విని చాలాసేపు గేటు వైపే చూస్తూ ఉండిపోయింది.

"యాడికి పోయినారు నాయనా?" అని భానుచందర్‌నూ అడిగింది.

"అట్ల ఒక రౌండు ఆంటీ. మీకు ఫోటో పెట్టినా, సూడండి." స్కూటరు అప్పటికే సందు దాటింది.

ఫోటోలో పెద్దోడు నాలుక చాపి నవ్వుతున్నట్టు ఉంది. ఆంటీ రెండు వేళ్ళతో ఫోటోను పెద్దది చేసి, కుక్కను పక్కకు జరిపి, వెనకాల మసగ్గా ఉన్న గోడను చూసింది. "ఇది యా వీధి మే?" అని నన్నడిగింది. నాకు తెలియలేదు. గోడ మీద సగం పోస్టరు ఉంది. అది కూడా చదవడానికి రాలేదు.

అయినా సాయంత్రం అయ్యేసరికి తల దువ్వుకుని, మొహానికి పౌడరు అద్దుకుని ఆ కుర్చీలో కూర్చునేది. భానుచందర్ తాడు ఇచ్చి వెళ్ళిపోయాక కూడా అక్కడే ఉండేది. మసీదు అజాన్ పూర్తయ్యాక లేచేది.

ఒకరోజు నన్ను పిలిచి నిస్సార్ నంబరు కలపమంది. "నువ్వే మాట్లాడు" అంది. నేను తడబడుతుంటే ఫోన్ తనే లాక్కుంది.

నిస్సార్ తిరుచానూరులో ఒక లాడ్జిలో వాచ్‌మన్‌గా చేరాడట.

"మంచిది బాయ్. ఏం ల్యా, ఊరికెనే చేసినా. మా పెద్దోడు నీ కోసం బెంగ పెట్టుకున్నాడు. అన్నం ముట్టేదే ల్యా."

ఆమె కాళ్ళ దగ్గర పెద్దోడు ఎముకను పటపట కొరుకుతోంది. ఆంటీ నా వైపు చూసి కనుబొమలు ఎగరేసింది. నేను వంగి ఎముకను లాక్కోబోతే గుర్రుమంది.

"సూడు, ఎట్ల మూలగతా ఉండాడో," అంది ఆంటీ ఫోన్లో.

ఫోన్లోంచి నిస్సార్ గొంతు నాకూ వినిపించింది. "అయ్యో. శుక్రవారం నాకు లీవమ్మా. వస్తా."

శుక్రవారం ఎండ తగ్గాక వచ్చాడు. చేతిలో అదే బట్టల సంచి. పెద్దోడు మెట్ల కింద నీడలో నిద్రపోతోంది. గేటు చప్పుడుకు ఒక కన్ను తెరిచి, తోక రెండుసార్లు నేలకు కొట్టి, మళ్ళీ కన్ను మూసింది. పొట్ట పక్కకు జారి గుండ్రంగా ఉంది. పక్కన నాకి తళతళలాడుతున్న గిన్నె.

నిస్సార్ కుక్కను చూశాడు, గిన్నెను చూశాడు. ఆంటీ చీర అంచు సర్దుకుంది.

"ఇప్పుడే... ఇప్పుడే ఇంత తిన్న్యాడు," అంది.

"మంచిదమ్మా."

సంచి విప్పలేదు. కుక్కకు ఎడంగా, కింది మెట్టు మీద కూర్చుని సంచిని ఒళ్ళో పెట్టుకున్నాడు. కాసేపటికి అడక్కుండానే మొదలుపెట్టాడు.

"మా లాడ్జికి నిన్న హోసూరోళ్ళు దిగినారమ్మా. వ్యాను నిండా జనం."

"ఎంతమంది?"

"లెక్క వాళ్ళకే తెలవదు. అమ్మవారి దర్శనం సేసుకోని వచ్చి సూసుకుంటే, వాళ్ళ ముసలాయన ల్యా. యాడ వదిలేసినారో ఎవురికీ తెలవదు. వాళ్ళల్లో వాళ్ళకే కొట్లాట."

ఆంటీ కుర్చీని గ్రిల్లు దగ్గరికి జరుపుకుంది. వ్యాను ఏ దారిన వచ్చింది, కొట్లాటలో ఎవరు ఎవరినన్నారు, ముసలాయనకు తమిళమా, కన్నడమా, తెలుగా, అన్నీ అడిగింది. మధ్యలో భానుచందర్ హారన్ కొట్టాడు. పెద్దోడు లేచి, ఒళ్ళు విరుచుకుని, ఇద్దరినీ దాటుకుని గేటు వైపు పోయింది. కుర్రాడు స్కూటరు గేటు పక్కన పెట్టి, తాడు తగిలించి నడిపించుకెళ్ళాడు. కుర్చీలో ఉన్నామె గానీ, మెట్టు మీదున్నాయన గానీ అటు చూడలేదు.

అజాన్ మొదలయ్యేసరికి అతను లేచాడు. వచ్చే వారం వస్తానని అనలేదు, రమ్మని ఆమె అడగలేదు. గేటు మూసి నాలుగడుగులు వేశాడు.

"బాయ్!" అని గ్రిల్లు లోపల్నుంచి కేక వేసింది ఆంటీ. "ఆ ముసలాయన దొరికినాడా మల్ల?"

అతను వెనక్కి వచ్చి గేటు ఊచ పట్టుకున్నాడు.

"దొరికినాడమ్మా. యాడికీ పోల్యా. పూలంగడి కాడ కూసోని, ఎవురితోనో మాట్లాడతా ఉన్న్యాడు."

"ఎవురితో?" అని అడిగింది ఆంటీ.