పిడికిలి దండం

మా మామ పోయాడని మొన్న పొద్దున కోరుట్లకు ఫోన్ వచ్చింది. మా అమ్మకు తమ్ముడు, సిరిసిల్లలో చేనేత మగ్గం మీద బతికిన మనిషి. నేను వెళ్లేసరికి వాకిట్లో పడుకోబెట్టి ఉంచారు.

మగ్గంలో దారం మోసే నాడెను అటూ ఇటూ ఉరికించే పిడి లాగీ లాగీ ఆయన కుడి మణికట్టు వాచింది. వేళ్లు ఆడిస్తే లోపల కిర్రుమనేది. నేను చెవి ఆనించి, “మామా, లోపట కప్ప కూసున్నదే!” అనేవాణ్ని.

“గది నీ నోట్లె ఉండే కప్పే అల్లుడా, తప్పిచ్చుకొని గీడికచ్చింది.”

అరచేతులు కలపాలంటే మణికట్టు వెనక్కి వంగాలి. ఆయనది వంగేది కాదు, వేళ్లూ సాగేవి కావు. అందుకని పిడికిలే ఎత్తి దండం పెట్టేవాడు. నక్సలైట్లను అన్నలని పిలిచే కాలం. ఎత్తిన పిడికిలికి వేరే అర్థం ఉన్న రోజులు.

జగిత్యాల డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఏడో తరగతిలోనే బడి వదిలిన నాకు కూడా అర్థమయ్యేలా చెప్పాడాయన. కండను ఎముకకు కట్టే తాళ్లు పైజామాలో నాడాలాగా ఒక గొట్టంలోంచి పోతాయట. ఆ గొట్టం లోపలి పొర వాస్తే తాడు ఇరుక్కుంటుంది. మామకు కీలు లోపలి పొర కూడా వాచిందట.

“ధోతి కట్టెటోన్ని, నాకు పైజామా రోగమెట్ల అచ్చింది సారూ?” అన్నాడు మామ.

డాక్టరు నవ్వి, సూది వేసి, పట్టీ కట్టాడు. “చెయ్యికి రెస్టియ్యి. ఇప్పుడు దెబ్బ తాకిందంటే మళ్ల మగ్గమెక్కవు.”

తిరుగు బస్సును దారిలో పోలీసులు ఆపి అందరినీ దింపారు. మామ భయంతో వాళ్ల పెద్దాయనకు దండం పెట్టాడు, తనకు వచ్చినట్టు.

“ఎవనికిరా లాల్ సలాం? గా పట్టేంది? తూటా తాకిందా?”

“నేత చెయ్యి సారూ, వంగది...”

నేను జేబులోంచి డాక్టరు చీటీ తీసేలోపే లాఠీ లేచింది. సరిగ్గా పట్టీ మీదే పడింది.

ఆ చెయ్యి మళ్లీ మగ్గానికి రాలేదు. అత్త బీడీలు చుట్టి ఇల్లు ఈడ్చింది.

తర్వాత నేను మామ ఇంట్లో ఉన్నప్పుడు ఒక సాయంత్రం అన్నలు ఆ వాడకు వచ్చారు. మామ దండం చూసి మురిసిపోయి వాళ్లూ పిడికిళ్లెత్తారు. వాళ్లు పోయాక మామ చెమట తుడుచుకున్నాడు. “అల్లుడా, నా చెయ్యి ఏ పార్టీల లేదని ఎవలకు జెప్పాలె?”

నేను లేచి తలుపు గడియ పెట్టాను.

మొన్న వాకిట్లో ఎవరో ఆయన చేతులు ఛాతీ మీద నమస్కారంలా కలపబోయారు. కుడి మణికట్టు మొరాయించింది. గట్టిగా వంచబోతే అత్త అడ్డం వచ్చి ఆ చేతిని తన ఒళ్లోకి తీసుకుంది.

“ఉండనియ్యుండ్రి. ఇగ ఎవలు కొడ్తరు?”

పాడె లేచింది. మగ్గాల వాడ పొడుగునా, తెల్లగుడ్డను కొంచెం పైకెత్తి పట్టుకొని, ఆ పిడికిలి ఇటూ అటూ ఇళ్లకు దండం పెట్టుకుంటూ పోయింది.