బీపీ చూసి కల్లు పోసిన మనా ఓసాంగ్

చాలా రేవుల్లో తాగేవాళ్ల పక్కన కూర్చున్నాను. ఎక్కడైనా ఎక్కువ తాగినవాడే మొనగాడు. మా లేతే ద్వీపంలో మాత్రం పోసేవాడే మారాజు. ఎంతమంది కూర్చున్నా గ్లాసు ఒక్కటే. పోసేవాడు తనకు తోచినంత పోసి అందిస్తాడు. అందుకున్నవాడు ఒక్క గుక్కలో దించేసి గ్లాసు తిరిగిస్తాడు. అది పక్కవాడికి వెళుతుంది. వద్దంటే పోసిన చేతిని అవమానించినట్టు. ఇంకాస్త పొయ్యమంటే అంతకన్నా సిగ్గుచేటు. దేశదేశాల రాజ్యాంగాలు తిరగేశాను గాని ఇంత పొట్టిదీ, ఇంత గట్టిగా అమలయ్యేదీ మరొకటి కనపడలేదు.

ఈ రాజ్యాన్ని మనా ఓసాంగ్ ఏడు వారాలు ఏలింది. మనా అంటే అక్క. ఆమెకన్నా పెద్దవాళ్లు కూడా ఆమెను అలాగే పిలుస్తారు. వయసు అరవై రెండు. పల్లె ఆరోగ్య కేంద్రంలో పిల్లల్ని తూచడం, గర్భిణులను పరీక్షలకు తరమడం, బీపీ చూడడం ఆమె పని. వీధిలో ముందు ఆమె గొంతు వస్తుంది, తరవాత గొడుగు, ఆ తరవాత ఆమె. రెండు రోజులుండి పోదామని నేను ఈ ఊరొచ్చి పదకొండేళ్లయింది. మొదటిరోజే నా చేతికి బీపీ పట్టీ చుట్టి, "ఉప్పు తగ్గించు, తిరుగుడు తగ్గించు" అంది. రెండోది నిజంగానే తగ్గింది.

ఆమె ఏలుబడి వచ్చిన ఏడాది కేంద్రానికి డాక్టర్ అబ్రిగో అనే అమ్మాయి వచ్చింది. జ్వరమని వచ్చినా, కాలు బెణికిందని వచ్చినా, తాగుడు సంగతి అడగకుండా వదిలేది కాదు. ఓసాంగ్ తన తమ్ముడు తెమ్యోంగ్‌ను చెవి పట్టుకున్నంత పని చేసి తీసుకెళ్లింది. తెమ్యోంగ్ కొబ్బరిచెట్లెక్కి కల్లు గీస్తాడు. బీపీ నూట ఎనభై. పొద్దున ఒక గ్లాసు పడితేగాని చేతుల వణుకు ఆగదు.

"ఈ చేతులతో చెట్టెక్కితే ఒకరోజు కల్లుకి బదులు నువ్వు దిగుతావు" అంది డాక్టరు. "చేతులు నిలకడయ్యేదాకా చెట్టు ఎక్కొద్దు. అలాగని ఒక్కసారిగా మానకు, ఫిట్స్ రావచ్చు. కొంచెం కొంచెం తగ్గించు. వారం వారం నాకు కనపడు."

"తగ్గించడం నా చేతిలో లేదు డాక్. గ్లాసొస్తుంది, తాగుతాను. పోసేది గోరియో."

డాక్టరు దాన్ని సాకు అనుకుంది. ఓసాంగ్ అనుకోలేదు. బయటికొచ్చాక తెమ్యోంగ్ తన గడువు తాను పెట్టాడు. "ఊరి పండగ దాకా ఆగుతా మనా. ఆ మర్నాడు ఎవరాపినా ఎక్కుతా. చెట్టెక్కని నన్ను కోడి కూడా లెక్కచెయ్యదు." పండగ ఏడు వారాల దూరంలో ఉంది.

ఆ రోజే తమ్ముడింట్లో కల్లుజాడీ ఓసాంగ్ ఇంటికి చేరింది. పొద్దుటి గ్లాసు ఇక ఆమె చేతి మీదుగానే. సాయంత్రం నాలుగింటికి బీపీ మిషనుతో మగాళ్లు కూడి తాగే కొట్టు ముందరి బల్ల దగ్గరికి వచ్చింది.

"లే గోరియో."

"ఎందుకు మనా?"

"ఇవాళ్టి నుంచి నేను పోస్తా. ఆడది పొయ్యకూడదని ఎక్కడన్నా రాసుందా?"

ఎక్కడా రాసిలేదు. గోరియో లేచాడు. ఆమె ఒక్కొక్కరికీ పట్టీ చుట్టి, అంకె చూసి, దాన్నిబట్టి పోసింది. తెమ్యోంగ్ వంతు వచ్చేసరికి గ్లాసులో రెండు గుటకలు.

"మనా, ఇది తాగడానికా, కంట్లో వేసుకోడానికా?"

"ఇంకా కావాలని అడుగుతున్నావురా?"

బల్లంతా గొల్లున నవ్వింది. తెమ్యోంగ్ గ్లాసు ఖాళీ చేశాడు.

బీపీ తక్కువున్న గోరియోకి మాత్రం గ్లాసు అంచుదాకా వచ్చింది. అక్కడే తప్పు జరిగింది. వారం తిరిగేసరికి మగాళ్లందరూ బీపీ మీద పడ్డారు. ఎండుచేప ముట్టడం మానారు, కొండ దాకా నడిచారు. పోన్సో అనేవాడు మూడున్నరకే వచ్చి శవంలా బల్లమీద పడుకుని, "పలకరించకండి, పెరుగుద్ది" అనేవాడు. ఎండుచేప అమ్ముడుపోవడం లేదని కొట్టావిడ కేంద్రానికి ఫిర్యాదు మోసుకెళ్లడంతో సంగతి డాక్టరు చెవిన పడింది.

"మీరు బీపీ తగ్గినవాడికి కల్లు బహుమానం ఇస్తున్నారా మనా?"

ఓసాంగ్ తలొంచుకోవడం నేను చూసింది అదొక్కసారే. "అలా చూస్తే అలాగే ఉంది డాక్" అంది.

మర్నాటినుంచి అందరికీ తలా కొంచెమే. తమ్ముడికి అందులో సగం. మిగతాది? మొదటి గ్లాసులో కాస్త, కంటికి కనపడనివాళ్ల కోసం నేలమీద వంచడం మా ఆచారం. ఓసాంగ్ భక్తి ఒక్కసారిగా పెరిగింది. చుట్టు చుట్టుకీ నిండు గ్లాసు నేల తాగింది.

"కనపడనివాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు మనా" అన్నాడు పోన్సో దిగులుగా.

"పండగ దగ్గరకొచ్చింది కదా, వాళ్ల చుట్టాలు దిగారు."

"వాళ్లకి పట్టీ చుట్టవా?"

"వాళ్లు నీలా దొంగపడకలు పడుకోరు."

నాలుగో వారానికి తెమ్యోంగ్ పొద్దుటి గ్లాసు అడగడం మరిచిపోయాడు. అయిదో వారంలో చొక్కా బొత్తాలు తనే పెట్టుకున్నాడు. ఆరో వారంలో వంతొచ్చినప్పుడు గ్లాసు అందుకుని, తనే నేలమీద వంచి తిరిగిచ్చాడు. ఆచారమే కాబట్టి అది వద్దన్నట్టు కాదు. ఓసాంగ్ ముక్కు చీదుకుని పక్కవాడికి పోసింది.

పండగ ముందురోజు డాక్టరు ఆ చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎక్కు. మందులు ఆపకు, వారం వారం రావడం మానకు" అంది.

పండగ మర్నాడు పొద్దున్నే చెట్టు కింద గొడుగేసుకుని ఓసాంగ్, పక్కన నేను. తెమ్యోంగ్ చెట్టుకు చెక్కిన గాట్లలో కాళ్లు పెట్టుకుంటూ పైకి పోయాడు. మట్టల్లో కనపడకుండా పోయాడు. ఆమె నా ముంజేయి పట్టుకుంది. బీపీ పట్టీ కూడా అంత బిగించదు.

"ఏం చేస్తున్నావురా అక్కడ?"

"చూస్తున్నా మనా. నీ ఇంటి రేకులు తుప్పుపట్టాయి."

"రేకుల సంగతి తరవాత. దిగు."

ఒక్కొక్క గాటే వెతుక్కుంటూ దిగాడు. ఇన్నాళ్లూ పక్కవాళ్లు గీస్తూ వచ్చిన చెట్టే, నడుముకున్న వెదురుగొట్టం సగం నిండింది. నా చెయ్యి వదిలి ఆమె ఊపిరి తీసుకునేలోపు వాడు రెండో చెట్టు మొదలు పట్టుకున్నాడు.

"ఇంకెన్నున్నాయిరా?"

"ఇరవై ఒకటి. అన్నిటి కిందా ఇలాగే నిలబడతావా?"

"నోర్మూసుకుని ఎక్కు" అని ఆమె గొడుగు తీసుకుని రెండో చెట్టు కిందికి నడిచింది.