కుక్కకు చోటున్న వీధి

విఘ్నములను తొలగించు దేవరకును, గోడలను నిలుపు వాస్తుపురుషునకును, శునకమును వాహనముగా గైకొన్న భైరవస్వామికిని మ్రొక్కి ఈ నాలుగు మాటలు మొదలుపెడుతున్నాను. శార్వరి నామ సంవత్సరం, జ్యేష్ఠ శుద్ధ దశమి. ఆ ఉదయం నేను గుంటూరు స్టేషనులో రైలు దిగి, వెనుకనున్న గార్డు పెట్టె దాకా నడిచి, కుక్కల కోసం అందులో అమర్చిన చిన్న అర తలుపు తీయించి, మా కుక్కను దింపుకొన్నాను.

అది నాటుకుక్క. ఎర్రమట్టి రంగు. ఒక చెవి నిక్కి, రెండవ చెవి వాలి ఉండేది. వినుకొండ దగ్గరి ఒక పల్లెలో నేను తెలుగు పండితుడిగా ఉన్న కాలంలో, వానలో వణుకుతున్న కూనను మా ఇంటావిడ చీర కొంగులో చుట్టి ఇంటికి తెచ్చింది. దానికి ఒక పేరు కూడా పెట్టింది. ఆ పేరు ఇక్కడ వ్రాయను. ఆవిడ పిలిచినప్పుడు ఆ పేరులో పలికిన మార్దవం నేను పిలిచినప్పుడు ఎన్నడూ పలకలేదు.

మాకు సంతానం లేదు. అంతకు ముందటి మార్గశిరంలో ఆవిడ జ్వరపడి, మళ్ళీ లేవలేదు. మాట పడిపోక ముందు నన్ను దగ్గరకు పిలిచి, "దాన్ని వీధిపాలు చెయ్యకండేం" అన్నది. నన్ను గురించి ఏమీ చెప్పలేదు. నేను వీధిపాలు కానన్న నమ్మకం కాబోలు.

వేసవిలో గుంటూరుకు బదిలీ అయింది. పాఠశాల వెనుక పాత బల్లలు పడవేసే గదిలో మమ్మల్ని ఉండనిచ్చారు ప్రధానోపాధ్యాయులు. "బడి తెరిచేదాకా అభ్యంతరం లేదండి. తెరిచాక మాత్రం కుక్క ఇక్కడ ఉండటానికి వీల్లేదు" అని ముందే చెప్పారు. ఆ మాటలో అన్యాయం ఏమీ లేదు. సెలవులు ముగిసేలోగా ఇద్దరికీ కలిపి ఒక గూడు వెతకాలి. లేదా ఆవిడ వద్దన్న పనే చేయాలి.

మొదట బ్రాడీపేటకు వెళ్ళాను. ఆ రోజుల్లో అక్కడ నావంటివాడికి ఇల్లు దొరకడం కష్టం కాదు. పంచె, ఉత్తరీయం, నుదుట విభూతి ఉంటే చాలు, సగం తలుపు తెరుచుకునేది. ఒక పెంకుటింట పెద్ద ముత్తైదువ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది.

"ఏ గోత్రం బాబూ?"

చెప్పాను.

"సంధ్యావందనం అదీ ఉందా?"

"ఉందమ్మా. పిల్లలకు తెలుగు చెప్పుకునేవాణ్ణి."

"ఆహా, ఇంకేం! వాటా చూపిస్తాను రండి. ఇంట్లో ఎంతమంది?"

"నేను, మా కుక్క."

ఆవిడ చేతిలోకి తీసిన తాళంచెవుల గుత్తిని మళ్ళీ బొడ్డులో దోపుకుంది.

"అయ్యో, కుక్కేంటి బాబూ! మడి కట్టుకుని నూతి దగ్గరికి వెళ్ళేదాన్ని. అదొచ్చి ఒళ్ళు రాసుకుందంటే ఆ బిందె నీళ్ళు ఏ గంగలో పొయ్యను?"

"కట్టేసి ఉంచుతానమ్మా."

"కట్టేస్తే అరుస్తుంది కదూ."

ఆవిడ వెనుక గోడకు దత్తాత్రేయస్వామి పటం ఉన్నది. స్వామి పాదాల దగ్గర నాలుగు కుక్కలకూ శ్రద్ధగా కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. నేను వాటి వైపు చూడటం ఆవిడ గమనించింది.

"అవి అరవవు బాబూ. అన్నమూ అడగవు" అన్నది నవ్వుతూ. ఆ నవ్వులో ద్వేషం లేదు. మజ్జిగ మళ్ళీ పోసింది కూడా.

అరండల్‌పేటలో ఒక ప్లీడరుగారి మేడ. అక్కడ గేటు దగ్గరే ఒక సీమకుక్క గొలుసుతో కట్టి ఉండటం చూసి ఆశ కలిగింది. ప్లీడరుగారు చుట్ట కాలుస్తూ విన్నారు.

"కుక్కా? ఏ జాతండీ?"

"నాటుదండి."

"నాటుదా! అబ్బే, అయితే కష్టం మాస్టారూ. మా దానికి అలవాట్లు పాడైపోతాయి."

మొదటి ఇంట నా గోత్రం అడిగారు. రెండవ ఇంట కుక్క గోత్రం అడిగారు. ఏ వీధిలోనూ మా ఇద్దరి గోత్రాలూ కలిసి రాలేదు. తక్కిన ఇళ్ళ సంగతి వ్రాసి చదువరులను విసిగించను. సాయంత్రాలు గదికి తిరిగి వచ్చేసరికి అది పాత బల్లల నడుమ నుంచి లేచి, నా వెనుక ఇంకెవరైనా వస్తున్నారేమోనని తలుపు వైపు చూసేది. ఎవరూ లేరని తెలిసిన తరువాత నా దగ్గరకు వచ్చేది. ఆ వరుస ఏనాడూ తప్పలేదు. నేనూ అలవాటు చొప్పున తలుపును వెంటనే మూసేవాడిని కాను.

ఒకనాడు మా డ్రిల్లు మాస్టరు ఎదురుపడి ఆపాడు.

"ఏవండీ పండితులుగారూ, ఊరంతా చెప్పుకుంటున్నారు. ఇంతకీ ఇల్లు మీకా, కుక్కకా?"

"ఇద్దరికీనండి."

"అక్కడేనండీ మీరు బోల్తాపడుతోంది! వరస మార్చండి. కుక్కకి ఇల్లు వెతకండి, ఆ ఇంట్లో మీరు అద్దెకుండండి. మిరపకాయల కొట్ల దగ్గరికి పోండి. అక్కడ కుక్కంటే పండగ చేసుకుంటారు."

వేళాకోళానికి అన్నా, అందులో నాకు తోచని తర్కం ఉన్నది. కొట్లు ఉన్న వీధికి వెళ్ళాను. ఒక గిడ్డంగి గుమాస్తా, పైన గది ఉన్నదిగాని పురుగూ పుట్రా ఎక్కువని నసుగుతూ ఉండగా, కుక్క సంగతి చెప్పాను.

"కుక్కుందా? మరి ఇంతసేపూ చెప్పరేంటండీ! దొంగల బాధతో చస్తున్నాం. గది మీదే. సామాను తెచ్చుకోండి."

పంచాంగం చూసుకుని పాలు పొంగించాను. గృహిణి లేని ఇంట పాలు పొంగించడం ఎంత ఇబ్బందికరమైన పనో ఆనాడు తెలిసింది. పాలు అంచు దాటి పొయ్యి మీద చిమ్మినప్పుడు "పొంగాయి" అని ఎవరో ఒకరితో అనాలి. నేను కుక్కతో అన్నాను. అది నేల మీదికి జారిన పాలను నాకి, గది నాలుగు మూలలూ వాసన చూసి, కిటికీ క్రింద పడుకుంది. ఆ పగలు నేను నిశ్చింతగా నిద్రపోయాను.

మర్నాడు క్రింద బస్తాలు విప్పారు. తొడిమలు తీసే ఆడవాళ్ళు ముఖాలకు గుడ్డలు బిగించి కుప్పల చుట్టూ కూర్చున్నారు. ఎర్రటి దుమ్ము మెట్ల మీదుగా పైకి లేచింది. నాకు దగ్గు వచ్చింది. ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నాను. కుక్క తుమ్మడం మొదలుపెట్టింది. తుమ్మి తుమ్మి, కళ్ళ నీళ్ళు కారుతూ, ముక్కును ముందరి కాళ్ళ నడుమ దాచుకుంది. మనిషికి ఘాటు అనిపించేది, వాసనలతోనే బ్రతికే ప్రాణికి ఎట్లా ఉంటుందో ఊహించవలసిందే. అన్నం పెడితే వాసన తెలియక ఊరకే చూసింది.

నేను దానిని బావి దగ్గరకు తీసుకుపోయి తడిగుడ్డ మూతికి చుట్టబోతుంటే ఆడవాళ్ళు పని ఆపి చూశారు.

"పంతులుగోరూ, మీ కుక్కకి పడిశం పట్టిందండోయ్! శొంఠి కాచి పొయ్యండి!" అన్నది ఒకతె. మిగిలినవాళ్ళు పకపకమన్నారు.

"నవ్వమాకే. మనకీ మొదట్లో ఇంతేగా" అని ఇంకొకావిడ ముఖం మీద గుడ్డ క్రిందికి లాగింది. "అదిక్కడ బతకదండీ. మాకంటే తప్పదు. మంగళగిరిలో మా పుట్టింటికాడ మగ్గాల వీధుంది. ఒక ముసలమ్మ ముందుగది అద్దెకిస్తది. గాలి బాగుంటది. పోయి అడగండి."

కుక్క మూతికి కట్టిన గుడ్డను అప్పటికే పీలికలు చేసింది.

మంగళగిరి నుంచి గుంటూరుకు రైలు ఉన్నది, రోజూ వచ్చిపోవచ్చు. ముసలమ్మ గుంటమగ్గం దగ్గర కూర్చుని నేస్తూనే నా మాట విన్నది. భర్త పోయి చాలా కాలమైందట. కుక్క అని చెప్పడానికి నేను తడబడ్డాను. ఆవిడ తల ఎత్తలేదు.

"కుక్కైతే ఏముందయ్యా, ఉండనీయండి. పిల్లి అయితేనే వద్దంటాను. నూలు కండెలన్నీ దొర్లించి చిక్కు చేస్తది."

బడి తెరవడానికి ముందే ఆ గదిలో చేరాము. వీధిలో ఎటు విన్నా మగ్గాల చప్పుడు. ఎవరూ నా గోత్రం అడగలేదు, కుక్క గోత్రమూ అడగలేదు. మా ఇంటావిడ మాట నిలబెట్టానని లోలోపల కొంచెం గర్వపడ్డాను కూడా.

ఒక ఆదివారం తెల్లవారుతూనే వీధిలో పడుగు సాచారు. మగ్గానికి నిలువు పోగులుగా ఎక్కవలసిన నూలును వీధి పొడవునా కర్రల మీద సాగదీసి, గంజి పట్టించి, ఎండ ముదరక ముందే ఇరువైపులా నిలబడి పెద్ద కుంచెలతో దువ్వుతారు. గంజి పట్టని నూలు మగ్గం దెబ్బకు నిలవదు. ఆ పని వేళ వీధి వీధంతా ఒక ఇల్లవుతుంది. నేను అరుగు మీద నిలబడి ఆ తెల్లని దారపు వంతెనను చూస్తున్నాను.

కుక్క నా కాళ్ళ పక్క నుంచి లేచింది. ముక్కు ఎత్తింది. ఒక్క దూకున పడుగు మీద పడింది.

"ఒరేయ్, పట్టుకోండ్రా! పడుగు, పడుగు!"

"ఎవరిదిరా ఈ ముదనష్టపు కుక్క?"

"పంతులుగారిదిరా!"

"పంతులుగారిదైతే? దీనికి ఫలహారం మనం పెట్టాలా?"

అది ఎవరికీ చిక్కలేదు. పోగులను నాకుతూ, తెంపుతూ, ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తింది. మధ్య మధ్య ఆగి, కుంచెలు పట్టుకున్న ఆడవాళ్ళ ముఖాల్లోకి తేరిపార చూసింది. ఒకరిని చూసి, ఇంకొకరి దగ్గరకు పోయింది. అప్పుడు నాకు అర్థమైంది. పల్లెలో మా ఇంటావిడ అన్నం వార్చగానే, ఆ గంజిలో ఉప్పుకల్లు వేసి, చల్లార్చి, దాని మట్టిమూకుడులో పోసేది. ఆవిడ పోయిన తరువాత నేను వార్చే ఓపిక లేక, కొలత నీళ్ళు పోసి అత్తెసరు వండుకుంటున్నాను. గంజి అనేది మా ఇంట లేకుండా పోయి అన్ని నెలలైంది. ఆ వాసన మళ్ళీ దానికి తగిలింది ఆ ఉదయమే. వాసన ఉన్నప్పుడు మనిషీ ఉండాలని అది అనుకున్నది. దానిని తప్పు పట్టగలవాడిని నేను కాను.

నేనే వీధిలోకి దిగి దాని మెడ పట్టుకున్నాను. తెగిన పోగులను ముడివేయడానికి అందరూ కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. సమాసాలు విడదీసి కలపడం నేర్చిన చేతికి ఆ సన్నని ముడి లొంగలేదు. నా పక్క కూర్చున్న వీధి పెద్ద నేను వేసిన ముడిని విప్పి మళ్ళీ వేస్తూ, నెమ్మదిగా చెప్పాడు.

"అయ్యా, మీమీద మాకు గౌరవం ఉంది. కానీ ఇది మా కూడు. ఆ కుక్కనన్నా వదిలించుకోండి, లేకపోతే వేరే గదన్నా చూసుకోండి."

ఇక వెళ్ళడానికి వీధులు ఎక్కడున్నవి? నా బదులు ముసలమ్మ పలికింది.

"ఆగు బావా. అది గంజి కోసం వచ్చింది గాని నీ నూలు కోసం వచ్చిందా? కుంచె ముట్టకముందే దాని గంజి దానికి పోసేస్తే సరి. కడుపు నిండితే పడుగెందుకు తొక్కుద్ది?"

"పోసేదెవరు?"

"నేను పోస్తాలే. నా కాడ గంజికేం కరువు?"

ఆ పెద్దమనిషి ఇంకొక ముడి బిగించి, "ఇంకోసారి తెగితే మాత్రం నీ మాటా విననొదినా" అన్నాడు.

మళ్ళీ తెగలేదు. పడుగు సాచే ఉదయాల్లో ముసలమ్మ మొదటి గరిటె గంజి కుక్కకు పోసేది. తరువాత మిగతా రోజుల్లోనూ, తన అన్నం వార్చినప్పుడల్లా పోయడం మొదలుపెట్టింది. ఇందులో ఎవరి ఉద్దేశమూ లేదు. మొదట్లో కుక్క నా రైలు వేళకు స్టేషను దగ్గరకు వచ్చేది. కొన్నాళ్ళకు వీధి మొగన నిలబడేది. ఆ తరువాత మగ్గం గుంట ప్రక్కన పడుకున్న చోటు నుంచే తల ఎత్తి, తోకతో నేలను తట్టేది. నా వెనుక ఎవరైనా వస్తున్నారేమోనని చూడటం మాత్రం పూర్తిగా మానేసింది. అందుకు నేను సంతోషించాలి. సంతోషించాను కూడా. అయితే ఆ తరువాత మా ఇంటావిడ కోసం తలుపు వైపు చూసేవాడిని లోకంలో నేనొక్కడినే మిగిలాను.

రెండేళ్ళకు ఒంగోలుకు బదిలీ వచ్చింది. సామాను కట్టుకుంటుంటే ముసలమ్మ గుమ్మం దగ్గర నిలబడింది.

"దాన్ని తీసుకుపోతారా అయ్యా? మీది. తీసుకుపోతానంటే నేను ఆపను. ఒకసారి పిలవండి, వస్తది."

వస్తుందని నాకూ తెలుసు. పేరు పెట్టి పిలిస్తే, ఆ చెవి నిక్కించి, గంజి మూకుడు వదిలి, నా వెంట రైలెక్కేది. కొత్త ఊళ్ళో మళ్ళీ వీధి వీధీ తిరిగి కాదనిపించుకోవడానికి సిద్ధపడేది. మా ఇంటావిడ నన్ను కోరినది దానిని దగ్గర ఉంచుకొమ్మని కాదు, వీధిపాలు చేయవద్దని.

"ఉండనీయమ్మా" అన్నాను.

బండి వేళకు అది మగ్గం ప్రక్కన నిద్రపోతున్నది. చప్పుడు కాకుండా పెట్టె ఎత్తుకున్నాను. పేరు పెట్టి పిలవలేదు.

శుభకృత్ నామ సంవత్సరం జ్యేష్ఠ బహుళ తదియ నాడు, అనగా 1962 జూన్ నెలలో, ఒంగోలు పాఠశాలలో చేరాను. ఇల్లు ఆ పూటే దొరికింది.