అభ్రకం షెడ్డులో జర్మనీ విద్యార్థి

అరవైల మొదట్లో నేను నెల్లూరులో బి.కాం. చదువుతూ, సెలవుల్లో గూడూరులో ఒక అభ్రకం వ్యాపారి దగ్గర పనిచేసేవాణ్ణి. విదేశీ కంపెనీలకు ఇంగ్లీషులో ఉత్తరాలు టైపు కొట్టడం నా పని. మా అమ్మ అదే వ్యాపారి షెడ్డులో తక్కిన ఆడవాళ్ళతో కూర్చుని కత్తితో అభ్రకం రేకులు చీల్చేది.

ఒక వేసవిలో హాంబర్గు నుంచి నా ఈడువాడే ఒక విద్యార్థి వచ్చాడు. చదువుకుంటూనే, మా సరుకు ఎక్కువగా కొనే కంపెనీలో పనిచేస్తున్నాడట. శిక్షణ కోసం పంపుతున్నాం, అన్నీ చూపించండని కంపెనీ కోరింది. షావుకారు అతన్ని నాకు అప్పగించాడు.

అతనితో తిరగడం నాకు సరదాగానే ఉండేది. గనులు చూపించాను. షెడ్డులో తానూ రేకు చీల్చబోయి వేలు కోసుకుంటే, మా అమ్మ పాత చీర చించి కట్టు కట్టింది. ప్రతి ఆదివారం మేమంతా చర్చి నుంచి వచ్చాక అతనికి మా ఇంట్లోనే భోజనం. చేపల పులుసు కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే మళ్ళీ వడ్డించమనేవాడు. "ఏ తల్లి కన్న బిడ్డో," అనేది అమ్మ.

వెళ్ళిపోయే ముందు సముద్రం చూస్తానంటే మైపాడు తీసుకెళ్ళాను. వలలు లాగుతున్నవాళ్ళను చూస్తూ ఇసుకలో కూర్చున్నాం. కంపెనీలో నీ పని అసలేమిటని అడిగాను. రాబోయే ఏళ్ళలో కంపెనీ ఏ దారిన నడవాలో ఆలోచించే విభాగంలో ఉన్నానన్నాడు.

"మరి ఇక్కడికెందుకు పంపారు?"

"మీ అభ్రకం రేకులు లేకుండా మాకు జరుగుతుందా, లేదా అని చూడటానికి," అన్నాడు మామూలుగా. "జరుగుతుంది. అభ్రకం తుక్కు నూరి రేకులు చేసే యంత్రాలు వచ్చాయి. చేత్తో చీల్చినవి ఇక అక్కర్లేదు."

నేను అతని వైపు తిరిగాను.

"ఈ సంగతి మా అమ్మకు చెప్పావా?" అన్నాను.

అతని ముఖం కందిపోయింది. "అది నా పని కాదు," అన్నాడు. మళ్ళీ తనే, "నువ్వూ రా. మా విభాగంలో విద్యార్థులను తీసుకుంటారు. గూడూరు తెలిసినవాడు మాకు కావాలి," అన్నాడు.

మొదటి మాటకంటే ఈ మాటకే ఎక్కువ అదిరిపడ్డాను.

గూడూరు చేరగానే షావుకారుకు చెప్పాను. చేతిలోని గ్లాసులో కాఫీ తాగడం మరిచిపోయాడు. "మన కూడు తింటా మన కుండ పగలగొట్టేదానికి వచ్చినాడా?" అన్నాడు. అమ్మయితే నమ్మలేదు. "ఆ బిడ్డేనా? సరిగ్గా విన్నావంట్రా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది.

అతను రైలెక్కాక, నన్ను రమ్మన్న సంగతి కూడా చెప్పాను.

"ఆడికి పోయి నువ్వేం చేస్తావురా?"

"వాడు చేసిన పనేనమ్మా."

అమ్మ నావైపు చాలాసేపు చూసింది. "నీ ఇష్టం నాయనా," అని లోపలికి పోయింది.

నేను వెళ్ళలేదు. ఆ కంపెనీ ఆర్డర్లు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయాయి. ముందే తెలిసింది గనుక షావుకారు నిమ్మతోటలు కొని నిలదొక్కుకున్నాడు. షెడ్డు ఆడవాళ్ళలో కొందరిని మాత్రమే కాయలు ఏరే పనికి పెట్టుకున్నాడు. వాళ్ళలో మా అమ్మ లేదు.