మారని బూట్లు

సినిమాల్లో డిటెక్టివ్‌కి పొడవాటి కోటు, నల్ల కళ్ళద్దాలు ఉంటాయి. ఈ డిటెక్టివ్‌కి ఉన్నదల్లా ఎవరికీ గుర్తుండని ముఖం, సంచీలో మూడు చొక్కాలు. గంటకో చొక్కా మార్చి, చల్లారిన టీ చప్పరిస్తూ, చూడనట్టే చూస్తుంటాడు. ఏ వేళకి ఇల్లు చేరినా, ఎక్కడికెళ్ళావని అడగడం భార్య ఎప్పుడో మానేసింది. ఈసారి చెప్పుల దుకాణంలో పనిచేసే సేల్స్‌మన్ వెంట తిరుగుతున్నాడు. మొగుడు సాయంత్రాలు ఆలస్యంగా వస్తున్నాడని అతని భార్యకు అనుమానం. ఎనిమిది రోజులుగా ఆ మనిషి పార్కు బెంచీ మీద ఒంటరిగా కూర్చోవడం తప్ప చేసిందేమీ లేదు. తొమ్మిదో రోజు మాత్రం లేచి, నేరుగా డిటెక్టివ్ దగ్గరికే వచ్చాడు.

"చొక్కాలు మారుస్తున్నారు గానీ బూట్లు మార్చట్లేదు సార్. రోజంతా కాళ్ళే చూసేవాణ్ణి, అరిగిపోయిన ఆ ఎడమ మడమ నా కంట పడదా? మా ఆవిడ పంపిందా?"

డిటెక్టివ్ చటుక్కున కాళ్ళు బెంచీ కిందికి లాక్కున్నాడు. సేల్స్‌మన్ ముఖం వెలిగిపోయింది.

"అయితే నేనెక్కడ తిరుగుతున్నానో దానికింకా పట్టింపుందన్నమాట!" అంటూ పరుగులాంటి నడకతో ఇంటిదారి పట్టాడు. డిటెక్టివ్ ఆ బెంచీ మీదే కూలబడి, ఫోన్ చేతిలో పట్టుకుని, పార్కు మూసేదాకా కూర్చున్నాడు. అది మోగలేదు.