చెల్లెలి ఫోన్

ఓడరేవు దగ్గరి వాట్‌గంజ్‌లో మా పక్కింటి మావ, ఊరి నుంచి చెల్లెలు ఫోన్ చేస్తే వెంటనే ఎత్తేవాడు కాదు. ముందు భుజమ్మీది బెంగాలీ తువ్వాలు, గంఛాతో చేతులకున్న గ్రీజంతా తుడుచుకునేవాడు. "వాసన ఫోన్లోంచి కూడా వెళ్తుందేటి మావా?" అని నవ్వేదాన్ని.

డాక్‌లో ఆయన పని ఓడల్లో వచ్చిన వరినాటు యంత్రాలు దించడం. చెల్లెలు సిక్కోలు పొలాల్లో నాట్లేసే కూలీ.

ఓ సాయంత్రం ఆమె గొంతు నాక్కూడా వినిపించింది.

"ఈయేడు నాట్లకి మమ్మల్ని ఎవులూ పిలవనేదన్నియ్యా. మిషనొచ్చేసింది."

మావ ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"నువ్విప్పుడు ఏటి దించుతున్నావు?"

"పప్పు బస్తాలమ్మా."

"బరువులు జాగర్త. నడుం పట్టేస్తాది."

ఫోన్ పెట్టేశాక ఆయన శుభ్రంగా ఉన్న చేతుల్నే మళ్లీ తుడుచుకోసాగాడు. నాకు నవ్వు రాలేదు.