మిగిలిన కుడి పేజీలు

మా నాన్న, మేం పిలిచే బాపు, జన్మలో ఒక్కటే పుస్తకం రాశాడు. సిరిసిల్లలో మరమగ్గాల మీద, మా మాటలో చెప్పాలంటే సాంచాల మీద, పనిచేస్తూ సెలవు దొరికిన రోజుల్లో రాసుకున్న నవల. జగిత్యాలలో ఒక ప్రెస్సువాళ్లు సీసం అక్షరాలు పేర్చి అచ్చువేశారు. ఆయన ఆ కాపీలు సంచిలో పెట్టుకొని, బస్సులు పట్టుకొని, గంభీరావుపేట, రుద్రంగి బడుల దాకా తిరిగి పంచేశాడు. ఇంట్లో దాచుకున్న రెండూ చెదల పాలయ్యాయి. నాకు తెలిసి ఇక ఒక్క కాపీయే మిగిలింది. అది కోరుట్ల వైపు నేను లైబ్రేరియన్‌గా ఉన్న చిన్న లైబ్రరీలో ఉండేది. దాన్ని చేతులారా పోగొట్టింది కూడా నేనే.

మా లైబ్రరీకి జనం రావడం లేదని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. పొద్దున తలుపు తీసేసరికి మెట్ల మీద కూర్చొని ఉంటారు. ఎవరి పుస్తకాలు వాళ్లే తెచ్చుకొని, ఫోన్లు చార్జింగుకు పెట్టుకొని, ఉద్యోగాల పరీక్షలకు చదువుకుంటారు. బీరువాల వైపు మాత్రం తల తిప్పరు. కుర్చీలు చాలడం లేదు, పాత బీరువాలు తీసెయ్యండి అన్నారు పైవాళ్లు. అందులోని పుస్తకాలు స్కాన్ చేయించి కంప్యూటర్లో పెడతాం, ఎక్కడివాళ్లైనా చదువుకోవచ్చు అన్నారు. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. బాపు పుస్తకం ఇక చెదలకు దొరకదు కదా అనుకున్నాను.

స్కానింగ్ పని పట్టుకున్నాయన నడివయసు మనిషి, మర్యాదస్తుడు. పుస్తకం వీపు కోసి, విడి కాగితాలు చేసి ఇస్తే తప్ప ఆయన మిషను తీసుకోదు.

"మేడమ్, ఇది ఒక్కటే కాపీ అంటున్నరు గదా. కొయ్యమంటరా, పక్కకు పెట్టమంటరా?" అని అడిగాడు పాపం.

"కొయ్యండ్రి. అన్నిటికన్న ముందు గిదే కావాలె," అన్నాను.

స్కానైన ప్రతి పుస్తకాన్నీ చూసి, సరిగా ఉందని సంతకం పెట్టాల్సింది నేను. సంతకం పడ్డాక కోసిన కాగితాలు చిత్తుకు పోతాయి. ఇక్కడే నేను పుట్టిన ఇల్లు నన్ను ముంచింది. సాంచాల మీద నేసిన బట్ట తాన్లుగా మడతపెట్టి వస్తే ప్రతి మడతా విప్పుతూ ఎవరూ కూర్చోరు. మొదటి మడత చూస్తారు, చివరి మడత చూస్తారు, అంచు వెంట వేలు జరుపుకుంటూ పోతారు. బాపు నాకు చిన్నప్పుడే నేర్పిన చూపు అది. "సాంచ మనిషి లెక్క గాదు బిడ్డా, మోసం చెయ్యది. మొదలు, ఆఖరు మంచిగుంటె నడుమ గూడ మంచిగనే ఉంటది," అనేవాడు. నేను ఫైలు తెరిచి మొదటి పేజీ చూశాను. ఒక్క పొల్లు పోకుండా వచ్చింది. చివరి పేజీ చూశాను. అదీ అంతే. సంతకం పెట్టేశాను.

బాపు ఇప్పుడు కోరుట్లలో నా దగ్గరే ఉంటాడు. చూపు బాగా మందగించింది. నెల తర్వాత ఒక ఆదివారం ఆయన పుస్తకం ఆయనకే చదివి వినిపిద్దామని ఫోన్లో తెరిచాను. మొదటి పేజీ వాక్యం సగంలో ఆగింది. వేలు జరిపితే మూడో పేజీ వచ్చింది. తర్వాత ఐదు, ఏడు. మిషను ఆ రోజు కాగితానికి ఒకవైపే చూసింది. కుడి పేజీలన్నీ ఉన్నాయి, ఎడమ పేజీ ఒక్కటీ లేదు. పడుగు ఉంది, పేక లేదు.

"ఏమైంది బిడ్డా, ఆగినవ్?" అన్నాడు బాపు.

"నెట్ వస్తలేదు బాపూ," అన్నాను.

చిత్తు కాగితాలు అప్పటికే లారీ ఎక్కి పోయాయి. జగిత్యాల ప్రెస్సుకు వెళ్తే అక్కడ ఫ్లెక్సీలు కొడుతున్నారు. "సీసం ఎప్పుడో కరిగిచ్చినం బిడ్డా," అన్నాడు ముసలి ఓనరు. గంభీరావుపేటలో ఒకప్పటి పుస్తకాల గదిలో కంప్యూటర్లు పెట్టారు. రుద్రంగిలో ఒక సారు నా మీద జాలిపడి, "గింత దూరం ఎందుకచ్చిండ్రు మేడమ్? ఆన్‌లైన్ల ఉంటది, చూసుకోండ్రి," అన్నాడు. బస్టాండుకు నడుస్తూ దారి పొడుగునా ఏడ్చాను.

ఇక మిగిలింది బాపు తలకాయ ఒక్కటే. రాసినవాడికి గుర్తుండదా అని ఆశపడ్డాను. కుడి పేజీ చదివి, వాక్యం తెగినచోట ఆగి, "తర్వాత ఏమైతది బాపూ?" అని అడిగాను.

"గది నువ్వే సదువు. నేను చెప్తె ఇంక సదువుడెందుకు?" అన్నాడు.

నిజం చెప్పే ధైర్యం లేక లేని పేజీలను నోటికొచ్చినట్టు కల్పించి చదవడం మొదలుపెట్టాను. చిన్నప్పుడు ఆ నవలను చాలాసార్లు చదివాను. కథ గుర్తుంది, ఆయన మాటలు గుర్తు లేవు. బాపు తలూపుతూ విన్నాడు. ఆ తల ఊపుడు చూస్తుంటే, తన మాటలు ఆయనకూ గుర్తు లేవేమోనని నాకు భయం వేసింది. అందుకే ఒకరోజు కావాలనే, ఆ పుస్తకంలో ఎన్నడూ లేని ముచ్చట ఒకటి కలిపాను. కథలోని నేత మనిషి కోరుట్ల అంగడిలో కొత్త గొడుగు కొని, వాన లేకున్నా విప్పుకొని ఇంటిదాకా నడిచాడని చదివాను. కోప్పడతాడని, నేను గట్ల రాయలే అని ఫోను లాక్కుంటాడని చూశాను. అలా అంటే అసలు ఏం రాశాడో కూడా చెబుతాడని నా ఆశ.

బాపు చాలాసేపు నవ్వాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"గా గొడుగు ముచ్చట రాయంగ ఎంత నవ్వుకున్ననో బిడ్డా. నాకు ఇంకా యాదికున్నది," అన్నాడు.

నేను వేలు జరిపి తర్వాతి కుడి పేజీ తెరిచాను.